గ్రేసక్క ఎక్కనన్న కారు

నేను పని మానేసిన రోజు తమక అనే ఊళ్లో మా షెడ్డులో నాకు శాలువా కప్పారు, దండ వేశారు, చేతిలో ఒక ఫ్లాస్కు పెట్టారు. ఇంటికొచ్చి చూసుకుంటే దాని మూత అంచున తుప్పు చుక్క ఉంది. జీవితమంతా తుప్పుతో పోట్లాడిన ఆడదానికి తుప్పు పట్టిన ఫ్లాస్కు ఇచ్చినవాళ్లను ఏమనాలో నాకు తోచలేదు. గరుకు ఉప్పు కాగితంతో రుద్ది, రెండు చుక్కల ప్రైమర్ పెట్టి, ఇప్పుడు అందులోనే కాఫీ తాగుతున్నాను.

నా పేరు ప్రభావతి. పెద్ద యంత్రాలు చేసే కర్మాగారంలో రంగుల విభాగంలో తనిఖీ పని చేసి, అక్కడి నుంచి బయటికొచ్చాక, పాత కార్లను మళ్లీ మనుషుల్లో తిరిగేలా చేసే నారాయణప్ప షెడ్డులో చేరాను. నా ప్రమోషన్ల గురించి ఇక్కడ రాయను, ఎందుకంటే పెద్దగా రాలేదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు ఫోన్ చేసి "అమ్మా, తుప్పు రాకుండా ఏ పూత మంచిది?" అని అడుగుతుంటారు. ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. ఏ మందు మంచిదని రోగం చెప్పకుండా అడిగితే ఏ డాక్టరు చెబుతాడు? కారులో నీళ్లు ఎక్కడ నిలుస్తాయో ముందు చూసుకోండి, పూత పేరు తర్వాత అడగండి. ఈ ఒక్క ముక్క అర్థమయ్యేలా చెప్పడానికి నాకు ఒక కారు కథ కావాలి. అది మారికుప్పం సాలమనన్న కారు.

నారాయణప్ప, ఆయన తారు

ముందు మా యజమాని గురించి చెప్పాలి. నారాయణప్పకు రెండే నమ్మకాలు. ఒకటి దేవుడు, రెండోది తారు. ఏ కారు వచ్చినా దాన్ని పైకెత్తి, కింద తారు కాచి, లావుపాటి బ్రష్‌తో మందంగా పూసి పంపించేవాడు. కారువాళ్లు వంగి చూసుకునేవాళ్లు. కింద నల్లగా నిగనిగలాడుతుంటే వాళ్లకూ సంతోషం, ఆయనకూ సంతోషం.

తారు కొత్తలో బాగానే ఉంటుంది. కొన్ని ఎండాకాలాలు చూశాక గట్టిపడి సన్నగా చీలుతుంది. ఆ చీలికలో దూరిన వాన నీటికి బయటికొచ్చే దారి ఉండదు. లోపల ఇనుము కరిగిపోతుంటుంది, పైన తారు మాత్రం నవ్వుతుంటుంది. శ్రీనివాసపురం నుంచి ఒక మామిడికాయల వ్యాపారి కారు తెచ్చినప్పుడు కింద చూస్తే పెళ్లికొడుకులా ఉంది. నేను స్క్రూడ్రైవర్‌తో మెల్లగా పొడిచాను. నేల రేకు అప్పడంలా విరిగి నా ముఖం మీద పడింది. ఆ వ్యాపారి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. కారును పాడు చేసింది నేనేనని ఆయన నమ్మకం.

అయినా నారాయణప్పను మోసగాడు అంటే నేను ఊరుకోను. వేలి కణుపుతో రేకు మీద కొట్టి, లోపల పుట్టీ ఉందో ఇనుము ఉందో శబ్దాన్ని బట్టి చెప్పడం నాకు నేర్పింది ఆయనే. నేను అయస్కాంతం పెట్టి చూసేలోగా ఆయన చెవితో చెప్పేసేవాడు. చెవి అంత గొప్పది, బ్రష్ అంత చెడ్డది. ఒకే మనిషిలో రెండూ ఉంటాయి, ఏం చేస్తాం.

టెంపో వెనుక వచ్చిన కారు

సాలమనన్న కేజీఎఫ్ బంగారు గనిలో వైండర్ నడిపినవాడు. అంటే షాఫ్టులోకి, అదే గని బావిలోకి, మనుషులను దించే, పైకి లాగే యంత్రం ఆయన చేతిలో ఉండేది. గని మూతపడ్డాక, దొరల కాలం నాటి ఒక నల్ల కారు ఎలాగో ఆయన ఇంటికి చేరింది. అప్పటి నుంచి మారికుప్పంలో గని పనివాళ్ల లైన్ ఇళ్లల్లో ఏ పెళ్లి జరిగినా పెళ్లికూతురు చర్చికి వెళ్లేది ఆ కారులోనే. ముందర తెల్ల రిబ్బన్, లోపల మల్లెపూలు, తెల్ల చొక్కాలో సాలమనన్న.

మా షెడ్డుకు మాత్రం ఆ కారు తాడుతో టెంపోకు కట్టించుకుని వచ్చింది. సాలమనన్న కారులో స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు. ఆయన భార్య గ్రేసక్క టెంపోలో డ్రైవరు పక్కన కూర్చుని వచ్చి దిగింది.

"అక్కా, మీరు కార్లో రాలేదా?" అన్నాను.

"దాంట్లోనా? దాంట్లో కూసుంటే కాళ్లు రోడ్డు మీద పెట్టి నేనే నడవాల. టెంపోనే మేలు తల్లీ."

సంగతేమిటంటే, కొన్నేళ్ల కిందట బేతమంగళంలో ఒక పెళ్లికి వెళ్తున్నప్పుడు గ్రేసక్క పెళ్లికూతురు పక్కన వెనక సీటులో కూర్చుంది. వానలో రోడ్డు గుంతల మయం. ఒక గుంతలో కారు ఎగిరి పడగానే ఆమె కాలి కింద కారు నేల విరిగి, కాలి చెప్పు ఆ కంతలో జారిపోయింది. మద్రాసు నుంచి సాలమనన్నే తెచ్చిన చెప్పులు. ఆపండి ఆపండి అని ఆమె అరిచింది. ఆయన ఆపలేదు.

"యట్ల ఆపేది ప్రభమ్మా? పెండ్లికూతురికి టైమ్ అయిపోయినాది. చర్చిలో అయ్యగారు గడియారం చూస్తా నిలబడుండాడు. మర్నాడు పోయి ఎతికినాను," అన్నాడు సాలమనన్న.

"ఎతికినాడంట!" అంది గ్రేసక్క. ఆ ఒక్క మాటను ఆమె సాగదీసిన తీరుకు మా షెడ్డులో గ్రైండర్ కూడా ఆగింది. "రెండో చెప్పును గోడకు మేకు కొట్టి తగిలించినాను తల్లీ. ఈ మనిషి దినామూ కాపీ తాగేటప్పుడు చూస్తా తాగాల."

ఇప్పుడు వాళ్ల పెళ్లయి యాభై ఏళ్లు నిండబోతున్నాయి. క్రిస్మస్‌కు ముందు చర్చిలో అయ్యగారు ఇద్దరినీ నిలబెట్టి మళ్లీ ఆశీర్వదిస్తారు. అసలు పెళ్లి రోజున వాళ్లు లైన్ ఇంటి నుంచి చర్చికి నడిచే వెళ్లారు. అప్పుడు ఆ కారు గని దొరది.

"అందరిండ్ల పెండ్లికూతుర్లనూ చర్చి కాడ దించినాను. నా ఇంటి పెండ్లికూతురే మిగిలిపోయింది," అన్నాడాయన.

"మోకాళ్ల నొప్పుల పెండ్లికూతురు!" అని మూతి తిప్పింది గ్రేసక్క. కానీ వెళ్లేముందు నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి చెప్పింది: "నేల గట్టిగా ఉంటేనే ఎక్కుతాను. నా మడమతో తొక్కి చూస్తాను. ఇరిగిందో, నేను నడిచే పోతా చర్చికి. ఈ మనిషి ఖాళీ కారు తోలుకోని రావాల."

సాలమనన్న ఆ మాట విన్నాడు. ఖాళీ కారుతో చర్చికి వెళ్లడం అంటే ఆ లైన్ ఇళ్ల ముందు ఆ మనిషి బతుకు ఏం కావాలి?

ఇంత జరుగుతున్నా నారాయణప్ప కంప్రెసర్ వెనక నుంచి బయటికి రాలేదు. ఎందుకో తర్వాత తెలిసింది.

తారు గీకితే

కారును పైకెత్తి, వేడి గాలి పెట్టి, తారు గీకడం మొదలుపెట్టాం. పొరలు పొరలుగా వచ్చింది. నేల రేకు సగం తారుతోపాటే ఊడి వచ్చేసింది. అంతవరకూ నేను అనుకున్నదే.

వెనక సీటు కింద, ఛాసిస్ దూలానికీ నేలకూ మధ్య సందులో ఒక పెద్ద నల్ల ముద్ద కనబడింది. ఏ ఎలుక చచ్చి ఉందో అనుకుని ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని గీకాను. మొదట ఒక బకిల్ వచ్చింది. తర్వాత పట్టీ. తర్వాత మడమ. ఆడవాళ్ల చెప్పు, ఎడమ కాలిది.

వెనక్కి తిరిగితే నారాయణప్ప టీ గ్లాసుతో నిలబడి ఉన్నాడు.

"అన్నా, ఇది ఏమి?"

"కేబుల్ పట్టుకునే బ్రాకెట్టు అనుకుంటిని ప్రభమ్మా."

తర్వాత మెల్లగా చెప్పాడు. నేను ఇక్కడ చేరకముందు, బేతమంగళం పెళ్లి అయిన కొద్దిరోజులకే సాలమనన్న కంత మూయించుకోవడానికి కారు ఇక్కడికే తెచ్చాడట. ఈయన ఒక డబ్బా రేకు అతికించి, కింద నుంచి తారు కొట్టేశాడు. అప్పటికి చెప్పు పట్టీ దూలానికి చిక్కుకుని అక్కడే వేలాడుతూ ఉందన్నమాట. దాని మీదే పూసేశాడు.

"చూడకుండానే పూసినావా అన్నా?"

"తారు పూసేటప్పుడు ఎవురు చూస్తారు ప్రభమ్మా?"

పిల్లలూ, ఈ మాట రాసి పెట్టుకోండి. తారు మీద నాకున్న కోపమంతా ఈ ఒక్క వాక్యంలో ఉంది. కింద ఏముందో చూడనక్కర్లేకుండా చేసే పూత ఏదైనా సరే, దాన్ని నమ్మకండి. ఇంకో విషయం కూడా ఒప్పుకోవాలి. ఆ కారు మొత్తం మీద తారు కాపాడిన వస్తువు ఆ చెప్పు ఒక్కటే. తోలు ఎంత మెత్తగా ఉందంటే ఆ రోజే వేసుకుని వెళ్లవచ్చు.

నారాయణప్ప రెండు చేతులూ జోడించాడు. "సాలమనన్నకు చెప్పొద్దమ్మా. కేజీఎఫ్ అంతా చాటింపు వేస్తాడు. చెప్పుకు తారు పూసినోడని పేరు పడితే ఇంగ నా షెడ్డుకు ఎవురు వస్తారు?"

నేను చెప్పనన్నాను. పారేయను అని కూడా అన్నాను. దాన్ని పేపర్లో చుట్టి, రంగును గట్టిపరిచే హార్డెనర్ డబ్బాలు పెట్టే అలమరలో వెనక్కి తోశాను.

ఏ పూత ఎక్కడ

కొత్త నేల రేకు అతికించాక అసలు గొడవ మొదలైంది. సాలమనన్నకు కావలసింది రెడాక్సైడ్ అనే ఎర్ర పూత. ఆయన చిన్నప్పటి నుంచి షాఫ్టు మీది ఇనుప గోపురాన్ని ఎర్ర రంగులోనే చూశాడు.

"ఆ టవరు ఇన్నేండ్లు వానలో నిలబడుండాది, పడిందా? అదే పూయి ప్రభమ్మా."

"అన్నా, ఆ టవరుకు రంగు కొట్టేదానికని ఒక గుంపే ఉండేది. ఒక పక్క ముగిస్తే ఇంగో పక్క మొదలుపెట్టేవాళ్లు. మీ కారుకు అట్లాంటి గుంపు ఉండాదా?"

ఆయన రెడాక్సైడ్ మాట వదిలేశాడు. మామూలు రెడాక్సైడ్ సన్నటి రంధ్రాలున్న పూత. మీద మంచి రంగు వేయకుండా వదిలేస్తే చెమ్మ పీలుస్తుంది. గేటుకు, కిటికీ ఊచలకు పరవాలేదు, ఏటా మళ్లీ కొట్టుకోవచ్చు. కారు రేకు లోపలి వైపు మళ్లీ ఎవరు కొడతారు? అలాగే తుప్పును నల్లగా మార్చే ద్రావకం ఒకటి ఉంది. పొలుసులు కట్టని సన్నటి తుప్పుకే అది పనికొస్తుంది. పొలుసుల మీద పోసి చేతులు దులుపుకునేవాళ్లను నేను చాలామందిని చూశాను. కొద్దిరోజులకు ఆ పొలుసూ పోతుంది, దాంతో పాటు పూతా పోతుంది.

నేను చేసింది ఇది. బయటి రేకుకూ నేలకూ తళతళలాడే ఇనుము వచ్చేదాకా గీకి, జిడ్డు లేకుండా తుడిచి, రెండు డబ్బాలు కలిపి వేసే ఎపాక్సీ ప్రైమర్. నేల అడుగున దాని మీద, రాళ్లు తగిలినా చిట్లకుండా సాగే పూత. తలుపుల లోపల, వాటి కింద బోలుగా ఉండే గుమ్మం పెట్టెల లోపల, చేయి దూరని చోట్ల, ఎప్పటికీ గట్టిపడని మైనం నూనె. నీళ్లు బయటికి పోయే కంతలు ఒక్కటి కూడా మూయకూడదు. పాత పూత మూసేసిన కంతలను సూదితో తెరిచి మరీ చూశాను. ఇంతే విద్య. దీనికి కావలసింది ఓపిక, ఎండ.

ఆ ఎండే లేకుండా పోయింది. ఆయుధ పూజ ముందు రోజుకు కారంతా గీకి తెల్లగా నిలబెట్టాం, అంతలో ముసురు పట్టింది. చెమ్మలో ప్రైమర్ కొడితే అది ఇనుముకు పట్టదు, నీటి పొరకు పడుతుంది. పండక్కి టేకల్‌లో మా చెల్లెలి ఇంటికి వెళ్లాలి. కారుకు పొడి గుడ్డ కప్పి, నారాయణప్పతో గట్టిగా చెప్పాను: "అన్నా, ఎవురూ దీన్ని తాకకూడదు. వేలు కూడా పెట్టకూడదు. నేనొచ్చి ఎండ చూసుకోని ప్రైమర్ కొడతాను."

"నేనుండాను కదా ప్రభమ్మా, నిశ్చింతగా పో," అన్నాడు.

పూజ, ప్రార్థన

టేకల్ నుంచి తిరిగొచ్చి గుడ్డ తీసి చూశాను.

బానెట్టు మీద మూడు అడ్డగీతలు, తుప్పు రంగులో. నాలుగు తలుపుల మీదా అవే మూడు గీతలు. పైకప్పు మీద అయిదు వేళ్ల ముద్ర. కొబ్బరి నీళ్లు కారినచోట ధారలు ధారలుగా తుప్పు. నిమ్మకాయ కోసి పిండినచోట నల్ల మచ్చ. వెనక డిక్కీ మీద పసుపు కుంకుమలు ఎండి, అంచుల చుట్టూ ఎర్రటి తుప్పు చక్కగా ముగ్గు వేసినట్టుంది. చక్రాల కింద నలిగిన నిమ్మకాయలు, నేలంతా బొరుగులు.

"అన్నా! తాకొద్దని చెప్పినాను కదా!"

"తాకలేదు ప్రభమ్మా. పూజ చేసినా."

"పూజంటే తాకడం కాదా?"

"పూజ తాకడం యట్లయితాది?" అన్నాడు నిజంగానే ఆశ్చర్యపోయి. "షెడ్డులో ఉండే బండ్లకంతా చేసి ఈ ఒక్కదానికి చెయ్యకుండా ఇడిస్తే అది బేజారు పడదా? బట్టల్లేకుండా నిలబడుండాది పాపం. దానికే జాస్తి చేసినాను."

తల పట్టుకుని బానెట్టు మీద చేయి ఆనించాను. చేయి జారింది. వాసన చూస్తే నూనె. పండగ మర్నాడు సాలమనన్న వచ్చి, కారు నిండా విభూతి రేఖలు చూసి కంగారు పడ్డాడట. పూజ ఒకటే ఉంటే ఎట్లా, మా ప్రార్థన కూడా ఉండాలి కదా అని చర్చి అయ్యగారిని పిలుచుకొచ్చాడు. ఆయన ప్రార్థన చేసి, సీసాలో ఉన్న అభిషేక తైలాన్ని బానెట్టుకూ పైకప్పుకూ తలుపులకూ ధారాళంగా రాశారు. మిగిలిన సీసా మా అలమరలో పెట్టి వెళ్లారు.

ఒకరు తుప్పు తెచ్చారు, ఒకరు జిడ్డు తెచ్చారు. తుప్పు మీద ప్రైమర్ కొడితే కింద నుంచి పొక్కుతుంది. జిడ్డు మీద కొడితే రంగు చేప కళ్లలా గుండ్రంగా విడిపోయి నిలబడదు. ఇంత కష్టపడి నేను ఎంచిన పూత ఈ రెండింటి మీదా ఒక్క వాన కూడా ఆగదు.

అసలు ఇబ్బంది రుద్దడం కాదు. ఉప్పు కాగితం చేతికి తీసుకోగానే నారాయణప్ప అడ్డం నిలబడ్డాడు. "కుంకుమ గీకుతావా? పండగ ముగిసీ ముగియకనే? నా షెడ్డుకు అరిష్టం." కబురు తెలిసి పరుగున వచ్చిన సాలమనన్న కూడా అదే పాట. "అయ్యగారు రాసిన నూనెను తిన్నరుతో తుడుస్తారా ప్రభమ్మా? మా పెండ్లి దినానికి రాసిన నూనె అది." ఇద్దరూ కారుకు చెరో పక్కన చేతులు చాచి నిలబడ్డారు. నా తల ప్రాణం తోకకొచ్చింది. ఒక పక్క చర్చి రోజు ముంచుకొస్తోంది, ఇంకో పక్క ఆ కారులో గంటగంటకూ తుప్పు లోతుకు దిగుతోంది.

ఉద్వాసన

కోపంలో నోటికొచ్చిందే నన్ను కాపాడింది. "అన్నా, వినాయకుణ్ణి పెట్టినోడు ఉద్వాసన చెప్పి నీళ్లలో కలపడా? వరలక్ష్మిని కూసోబెట్టినోళ్లు సాగనంపరా? నువ్వు ఇన్ని రేకుల మీద దేవుణ్ణి కూసోబెట్టి, ఉద్వాసన చెప్పకుండా అట్లే వదిలేసినావు. ఇంగ అరిష్టం ఎవురికి?"

నారాయణప్ప అడ్డం పెట్టిన చేతులు దించాడు. "అవును ప్రభమ్మా. చెప్పలేదు."

"పూజ చేసిన చేత్తోనే సాగనంపాల. ఇదో ఉప్పు కాగితం."

ఆయన చొక్కా విప్పి, చేతులు కడుక్కుని, తూర్పు వైపు తలుపు దగ్గర కూర్చుని, యథాస్థానం అంటూ మంత్రం గొణుగుతూ రుద్దడం మొదలుపెట్టాడు. రాలిన పొడిని కింద పరిచిన అరటాకులో పట్టాడు. అంత శ్రద్ధగా రేకు రుద్దిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. ఒక్క గీత అంచు కూడా వదలలేదు.

సాలమనన్న వైపు తిరిగాను. "అన్నా, అయ్యగారి నూనె బయట ఉంటే రంగు పట్టదు. లోపల ఉంటే తుప్పు పట్టదు. సీసాలో మిగిలింది ఉండాది కదా, దాంట్లో ఒక చెంచా నా మైనం నూనెలో కలిపి తలుపుల లోపలా, గుమ్మం పెట్టెల లోపలా కొడతాను. అక్కడ తుడిచేవాడు ఎవడూ రాడు."

"ఎప్పటికీ ఉంటాదా?"

"నేనూ మీరూ పోయినాక గూడ ఉంటాది."

ఆయన ముఖం విప్పారింది. తిన్నరు గుడ్డ అడిగి తీసుకుని, పడమటి తలుపు దగ్గర నిలబడి, కీర్తన పాడుకుంటూ తుడిచాడు. ఒక పక్క మంత్రం, ఒక పక్క కీర్తన. ఆ రోజు నేను చేసిన పని ఒక్కటే. ఇద్దరూ ఒకే తలుపు దగ్గరికి రాకుండా చూసుకున్నాను. మధ్యాహ్నానికి ఎండ కాసింది. చీకటి పడేలోగా ప్రైమర్ పడింది.

ఆ నూనె చెంచా కలపడం శాస్త్రీయమా అని నన్ను అడగకండి. ఒక చెంచాకు మైనం చెడదు. కారు యజమాని మనసు చెడితే మాత్రం పని చెడుతుంది. మనం పూత ఎంచేది ఇనుము కోసమే అయినా, ఆ ఇనుము ఎవరిదో మరిచిపోతే ఈ పనిలో రాణించలేరు.

మడమ

ఆశీర్వాదం రోజు పొద్దున్నే నేనూ నారాయణప్పా కారు తీసుకుని మారికుప్పం వెళ్లాం. లైన్ ఇళ్ల ముందు జనం చేరారు. కారు నల్లగా మెరుస్తోంది, ముందర తెల్ల రిబ్బన్. నల్ల సూటులో సాలమనన్న డ్రైవరు సీటు తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

పేపర్ పొట్లం నా సంచిలో ఉంది. ఎందుకు తీసుకెళ్లానో నాకే తెలియదు. అలమరలో వదిలి రావడానికి మాత్రం మనసు ఒప్పలేదు.

గ్రేసక్క తెల్ల పట్టుచీరలో బయటికొచ్చింది. ఎవరినీ పలకరించలేదు. వెనక తలుపు తెరిచి, పైన పరిచిన కార్పెట్ పక్కకు లాగి, ఒక కాలు లోపల పెట్టి మడమతో తొక్కింది. ఇంకో చోట తొక్కింది. బరువంతా వేసి నిలబడి చూసింది. నేల చప్పుడు కూడా చేయలేదు. నాకు గర్వమేసింది, ఆ సంగతి దాచుకోను.

ఆమె కాలు వెనక్కి తీసుకుంది.

"నేల గట్టిగా ఉండాది ప్రభమ్మా. నీ పనికి వంక లేదు. ఈ మనిషి మాటే గట్టిగా లేదు. నేను నడిచే పోతా."

"గ్రేసూ, అందరి ముందరా..." అన్నాడు సాలమనన్న.

"అందరి ముందరే చెప్తాను. చెప్పు పోయినందుకు నాకు బాధ లేదు. ఎతికినాను అని అబద్ధం చెప్పినావే, దానికి. ఒక తూరి ఆపి దిగుంటే చాలు. ఎతకనోడివి ఎతకలేదని చెప్పుంటే గూడ నేను ఊరుకుందును."

కారు తలుపు మీద ఉన్న సాలమనన్న చేయి జారింది. నేను సంచి మీద చేయి పెట్టి నారాయణప్ప వైపు చూశాను. నేను మాటిచ్చాను, విప్పాల్సింది ఆయనే.

నారాయణప్ప ముందుకొచ్చాడు. "ప్రభమ్మా, ఆ పొట్లం ఇట్లియ్యి," అన్నాడు.

దాన్ని తీసుకుని వెళ్లి, గ్రేసక్క ముందు పేపరు విప్పాడు. "అమ్మా, నీ చెప్పు రోడ్డు మీద పడనే లేదు. కారు కిందే చిక్కుకోని ఉండాది. నేను చూడకుండా దాని మీద తారు పూసేసినా. ఆయప్ప రోడ్డంతా ఎతికినా యాడ దొరుకుతాది? తప్పు నాది."

గ్రేసక్క చెప్పును చేతిలోకి తీసుకుంది. తిప్పి చూసింది. లోపలికి వెళ్లి, గోడ మీది రెండోదాన్ని మేకుతో సహా పీకి తెచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టింది. ఒకటి గోధుమ రంగు, ఒకటి నల్లగా తారుతో. జతే.

సాలమనన్న వైపు తిరిగింది. "అయితే నిజంగానే ఎతికినావా?"

"ముండ్ల కంపల్లో గూడ ఎతికినా గ్రేసూ. బర్రెలు కాసేవాడు ఏమి పారేసుకుంటివప్పా అంటే, మా ఇంటామె చెప్పు అన్నాను. వాడు నవ్వినాడు."

"నాకు చెప్పలేదే?"

"చెప్పినా. నువ్వు నమ్మలేదు."

గ్రేసక్క కళ్లు తుడుచుకుంది. నారాయణప్ప వైపు తిరిగి, "నీ సంగతి చర్చి నుంచి వచ్చినాక చెప్తా," అంది. ఆయన వినయంగా తలూపాడు. తర్వాత ఆమె రెండు చెప్పులూ ఒళ్లో పెట్టుకుని, కారులో కూర్చుని, తలుపు తనే వేసుకుంది. నేను అంతకుముందు చాలా తలుపుల చప్పుడు విన్నాను, ఆ రోజు విన్నంత బాగా ఏదీ అనిపించలేదు.

"ఇంగ పోనీ," అంది. "ఈ తూరి ఏం పడినా ఆపాల."

సాలమనన్నకు కళ్లు మసకేసి గేరు దొరకలేదు. రెండుసార్లు ఇంజిన్ ఆగిపోయింది. మూడోసారి కారు కదిలింది. లైన్ చివర మలుపు దగ్గరికి వెళ్లేసరికి వెనక కిటికీలోంచి ఒక తెల్ల గాజుల చేయి బయటికొచ్చింది. తారు పూసిన చెప్పును రోడ్డు మీదికి విసిరింది.

కారు టక్కున ఆగింది. సూటు వేసుకున్న సాలమనన్న దిగి, వెనక్కి నడిచి వచ్చి, వంగి చెప్పు తీసుకున్నాడు. జేబులోంచి ఇస్త్రీ చేసిన చేతిరుమాలు తీసి దుమ్ము తుడిచాడు. వెనక తలుపు తెరిచి, మోకాళ్ల మీద కూర్చుని, ఆమె కాలికి తొడిగాడు.